ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ మాహాత్మ్యం

గోత్రం, నక్షత్రం, నియోజకవర్గం తర్వాత తెలుగువాడికి నాలుగో గుర్తింపు ఒకటి వచ్చి చేరింది. అది వెన్నుపూసల మధ్య ఉంటుంది. పొద్దున్నే ఏ పార్కుకైనా వెళ్లి, సిమెంటు బెంచీ మీద కూర్చున్న నలుగురు రిటైర్డు పెద్దమనుషుల మాటలు వినండి. ‘‘నాది ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ అండీ’’ అంటారొకరు. ‘‘నాది ఎల్‌ఫైవ్-ఎస్‌వన్. స్కానింగు చూసి డాక్టరుగారే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు’’ అంటారు రెండో ఆయన. ‘‘మా వియ్యంకుడుగారికి రెండు చోట్ల గ్యాపు’’ అని మూడో ఆయన అనేసరికి ఆ ఇద్దరి గొంతులూ తగ్గుతాయి. రెండు గ్యాపులంటే మాటలా! నాలుగో ఆయనకు నొప్పి అందరికంటే ఎక్కువే. కానీ స్కానింగులో ఏమీ రాలేదు. ఆయన పాపం చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుంటాడు. ఫిలిం లేని నొప్పికి పట్టా లేని పొలానికున్నంత విలువే.

అక్కడే కాస్త ధైర్యం చేసి, ‘‘బావగారూ, ఏళ్ల తరబడి వదలని నడుం నొప్పికి సైకాలజిస్టుల దగ్గర కూడా వైద్యం ఉందటండీ’’ అని చూడండి. ‘‘ఏం? నాకు పిచ్చెక్కిందనా?’’ అని లేస్తాడాయన. అప్పటిదాకా చెయ్యి ఆసరా లేకుండా లేవలేని మనిషి! ఊరు హైదరాబాదైతే ఆ వెంటనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ప్రస్తావన వస్తుంది, విశాఖపట్నమైతే చినవాల్తేరు ఆసుపత్రి ప్రస్తావన వస్తుంది. మాట్లాడితే ‘మెడకాయ మీద తలకాయ ఉన్నవాడెవడైనా’ అంటాం గానీ, ఆ తలకాయకూ కింద నడుముకూ సంబంధం ఉందంటే మాత్రం మర్యాద పోతుంది. డిస్కు అరిగిందంటే పరామర్శకు బత్తాయిలు వస్తాయి. భయం పట్టుకుంది, నిద్ర పోయింది, అందుకే నొప్పి వదలడం లేదని చెబితే ముందు సలహాలు వస్తాయి, ఆపైన అమ్మాయికి సంబంధాలు రావడం ఆగిపోతుంది.

పోనీ, మనం అంత కరుడుగట్టిన శాస్త్రవాదులమా అంటే, నడుం విషయంలో మనం నమ్మని పదార్థం లేదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని వీధి వీధీ వెతికి తన్నించుకుంటాం. తన్నినవాడికి కాఫీ కూడా ఇస్తాం. ఎదురుగా కుర్చీలో కూర్చుని ఓపిగ్గా మాట్లాడేవాడికి మాత్రం ఫీజు ఇవ్వడానికి చేయి రాదు. ‘ఊరికే మాట్లాడాడు, దానికి డబ్బులా?’ అంటాం. తన్నుకున్న గౌరవం మాటకు లేని సమాజం మనది.

ఆ మాటకొస్తే మన పత్రికలకే నొప్పితో పాత బంధుత్వం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడితోనే 1908లో ఆంధ్రపత్రికను నిలబెట్టారు. జనం తలనొప్పులు తెలుగు అక్షరానికి పనికొచ్చాయి. ఆ సీసా ధర చిన్నది, చేసే మేలూ చిన్నదే, చేసే కీడూ చిన్నదే. తర్వాత బజారులోకి దిగిన సరుకుకు ఈ వినయం లేదు.

ఇప్పుడు నడుం చుట్టూ ఒక నగరమే వెలిసింది. మందుల షాపు గుమ్మానికి వేలాడే బెల్టు, వాయిదాల మీద వచ్చే ఆర్థోపెడిక్ పరుపు, బరువులు కట్టి లాగే ట్రాక్షను, నరాల బలానికని రాసే విటమిన్ మాత్ర, వెన్నులోకి ఇంజెక్షను, చివరాఖర్న స్క్రూలూ రాడ్లూ. ప్రపంచంలో 2020 నాటికి 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారనీ, 2050 కల్లా 84.3 కోట్లకు చేరుకుంటారనీ ‘గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్’ అధ్యయనం లెక్కగట్టింది. డాక్టర్లు దాన్ని విపత్తు అన్నారు. పరుపులవాడు దాన్నే మార్కెట్ అంటాడు.

ఈ నగరానికి గాలిగోపురం ఎమ్మారై. లోపల ఏ దేవుడున్నాడో ఎవరికీ తెలియదు గానీ గోపురం కనపడగానే చేతులు జోడిస్తాం. రిపోర్టులో ‘డిఫ్యూజ్ డిస్క్ బల్జ్’ అనీ, ‘డీజెనరేటివ్ ఛేంజెస్’ అనీ ఉంటుంది. అర్థం కాని భాషలో ఉంటేనే మంత్రానికి మహిమ. ఆ కాగితం చేతికొచ్చిన క్షణం నుంచి మనిషి నడక మారుతుంది. నిన్నటిదాకా బియ్యం బస్తా జరిపినవాడు ఇవాళ జారిపోయిన టవల్ తీయడానికి భార్యను పిలుస్తాడు.

ఆ మంత్రం బండారం 2015లోనే బయటపడింది. నడుం నొప్పి బొత్తిగా లేని 3,110 మంది స్కాన్‌ల మీద వచ్చిన 33 అధ్యయనాలను ఒకచోట చేర్చి ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీ’లో ఒక సమీక్ష వేశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. యాభై ఏళ్లకు అరుగుదల 80 శాతానికి, ఎనభై ఏళ్లకు 96 శాతానికి చేరింది. మళ్లీ చెబుతున్నా, వీళ్లలో ఒక్కరికీ నొప్పి లేదు. అంటే యాభై దాటినవాడి ఫిలింలో అరుగుదల కనిపించకపోతేనే వార్త. పార్కు బెంచీ మీద పంచుకుంటున్న ఆ ఘనత, ఆ పక్కన చెమటలు కక్కుతూ పరిగెత్తే కుర్రాడిక్కూడా ఉండి ఉండవచ్చు. వాడు ఫిలిం తీయించుకోలేదు, అంతే.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో, ఫలానా కారణమని తేలని దీర్ఘకాలిక నడుం నొప్పికి ఏం చేయాలో, ఏం చేయకూడదో మార్గదర్శకాలు విడుదల చేసింది. చేయదగినవాటిలో నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ వంటి మానసిక చికిత్సలు ఉన్నాయి. మామూలుగా వాడకూడదన్నవాటిలో నడుం బెల్టులు, ట్రాక్షను, ఓపియాయిడ్ నొప్పి మాత్రలు ఉన్నాయి. ఒక్కసారి ఆ జాబితాను మన వీధితో పోల్చి చూసుకోండి. వద్దన్నవి అడుగడుగునా దొరుకుతాయి. కావాలన్నవాటి కోసం జిల్లా అంతా తిరగాలి. ఇంత కచ్చితంగా తిరగేసి అమలు చేసిన మార్గదర్శకం ఇంకొకటి ఉండదు.

ఆ మాటల వైద్యంలో అసలేముందో చూద్దాం. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం బోల్డర్‌లో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2021లో ‘జామా సైకియాట్రీ’లో వచ్చాయి. సగటున పదేళ్లుగా నొప్పి మోస్తున్న 151 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు నాలుగు వారాల పాటు ‘పెయిన్ రీప్రాసెసింగ్ థెరపీ’. డాక్టరుతో ఒకసారి, థెరపిస్టుతో ఎనిమిది సార్లు మాట. రెండో జట్టుకు నడుంలో ఉప్పునీటి ఇంజెక్షను. ఇది ఉత్త ఉప్పునీరు, ఇందులో మందు లేదని ముందే చెప్పి మరీ పొడిచారు. మూడో జట్టు మామూలుగా తీసుకుంటున్న వైద్యమే తీసుకుంది. చివరికి నొప్పి పూర్తిగా గానీ దాదాపుగా గానీ పోయినవాళ్లు మూడో జట్టులో 10 శాతం, ఉప్పునీటి జట్టులో 20 శాతం, మాటల జట్టులో 66 శాతం. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు చాలావరకు నిలిచే ఉంది.

ఉప్పునీళ్లని చెప్పి పొడిచినా అయిదుగురిలో ఒకరు లేచి కూర్చున్నారు! మన ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఈ రహస్యాన్ని ఏ పత్రికలోనూ అచ్చు వేయించకుండా ఎప్పుడో కనిపెట్టాడు. మేకుకు సెలైన్ సీసా తగిలిస్తే చాలు, సీసా సగమైనా దిగకముందే రోగి ముఖంలోకి కళ వస్తుంది. ‘గ్లూకోజు ఎక్కించారు, ఇక ఫర్వాలేదు’ అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటుంది. తేడా ఒక్కటే. బోల్డర్‌లో ఉప్పునీళ్లని చెప్పారు, ఇక్కడ చెప్పరు. కాబట్టి మనసు ఒంటిని నయం చేస్తుందని మనకు తెలియక కాదు. ఆ పని గొట్టంలోంచి దిగితే ఒప్పుకుంటాం, నోట్లోంచి వస్తే ఒప్పుకోం.

నార్వేవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, మాటను ఏకంగా కత్తితోనే పోటీకి దింపారు. 2003లో ‘స్పైన్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అది. డిస్కులు అరిగి, ఏడాదికి పైగా నడుం నొప్పి ఉన్న 64 మందిలో కొందరికి వెన్నుపూసలను స్క్రూలతో బిగించే ఆపరేషను చేశారు. మిగిలినవాళ్లకు మూడు వారాల పాటు వ్యాయామం చేయించారు. దాంతోపాటు ఒక మాట నూరిపోశారు: రోజువారీ పనులతో మీ డిస్కుకు ఏ హానీ జరగదు, వంగండి, నడుం వాడండి. ఏడాది తర్వాత స్వతంత్ర పరిశీలకుడు చూస్తే, ఆపరేషను జట్టులో 70 శాతం, మాటా వ్యాయామాల జట్టులో 76 శాతం బాగుపడ్డారు. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. ఆపరేషను చేయించుకున్నవాళ్లలో 18 శాతం మందికి తొలినాళ్లలోనే ఏదో ఒక చిక్కు వచ్చింది. వంగితే ఏమీ కాదన్న మాటతో మాత్రం ఎవరికీ చీము పట్టలేదు.

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. నొప్పి దెబ్బ తగిలిన చోట తయారై మెదడుకు పార్సిల్‌లో వెళ్లేది కాదు. ఒంటి నుంచి వచ్చిన కబుర్లను, పాత అనుభవాలను, భయాన్ని, నిద్రలేమిని అన్నింటినీ కూడి, ప్రమాదం ఉందో లేదో మెదడు తేల్చుకునే తీర్పు అది. 1995లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఒక భవన నిర్మాణ కార్మికుడి కథ వచ్చింది. పైనుంచి దూకితే 15 సెంటీమీటర్ల మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. మేకు కాస్త కదిలినా ఓర్చుకోలేకపోతుంటే మత్తుమందు ఇచ్చి బూటు విప్పారు. చూస్తే మేకు రెండు వేళ్ల సందులోంచి వెళ్లింది. చర్మానికి గీత కూడా పడలేదు. అతను నటించాడా? లేదు. అతని బాధ నూటికి నూరుపాళ్లు నిజం. గాయమే లేదు.

ఏళ్ల తరబడి వేధించే నడుం నొప్పిలో ఎక్కువ భాగం ఈ కోవలోకే వస్తుంది. ఎప్పుడో పట్టేసిన కండరం కొన్ని వారాల్లోనే మానిపోతుంది. ‘వంగితే డిస్కు జారుతుంది’ అన్న భయం మాత్రం మానదు. భయంతో మనిషి వంగడం మానేస్తాడు. వంగక కండరం బిగుసుకుంటుంది. బిగుసుకుంటే నొప్పి. నొప్పి వస్తే, ‘చూశావా, నే చెప్పలా!’ అని భయం మీసం మెలేస్తుంది. థెరపిస్టు చేసే పని ఈ గొలుసులో ఒక్కో లంకెనే తెంపడం. ‘నా నడుం అయిపోయింది’ అన్న తలంపు ఎప్పుడొస్తోందో పట్టుకోవడం, అందులో ఎంత నిజమో పరీక్షించడం, మానేసిన పనులను కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టించడం, నొప్పి తగిలినప్పుడు హడలిపోకుండా దాన్ని గమనించడం నేర్పడం. ఆస్ట్రేలియాలో ‘కాగ్నిటివ్ ఫంక్షనల్ థెరపీ’ పేరుతో ఈ పనిని ఫిజియోథెరపిస్టుల చేతే చేయించి, 492 మంది మీద పరీక్షించి, మంచి ఫలితాలను 2023లో ‘లాన్సెట్’లో ప్రకటించారు. కాబట్టి ఎర్రగడ్డ దాకా వెళ్లాలేమోనన్న బెంగ కూడా అక్కర్లేదు. మన వీధి చివర ఫిజియో సెంటరులో మిషను తగిలించి పది నిమిషాలు పక్కకు వెళ్లిపోయే కుర్రాడు, ఆ పది నిమిషాలూ మనతో మాట్లాడేలా శిక్షణ పొందితే కథ సగం మారుతుంది.

మారదు. ఎందుకంటే మాటకు డిస్ట్రిబ్యూటర్ లేడు. మాటను ఎంఆర్‌పీ వేసి డబ్బాలో పెట్టలేరు. మాట రాసినందుకు డాక్టరుగారిని ఏ కంపెనీ సింగపూర్ పంపదు. ఆస్పత్రి మంచం ఎక్కితే తప్ప రూపాయి రాల్చని బీమా పాలసీలే మన దగ్గర ఎక్కువ. లక్షల ఖర్చుతో స్క్రూలు బిగించుకోవడానికి దారి సుగమం, ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడటానికి జేబే దిక్కు. ఇంతమంది దేవతలు ఒక్కటై కాపు కాస్తుంటే ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ మహిమ తగ్గుతుందా?

ఇంతవరకూ చదివి, ‘నేనెప్పుడో చెప్పా, అంతా మనసులోనే ఉందని’ అని తొడ చరుస్తున్న డాక్టరుగారు ఒకరుంటారు. తొందరపడకండి సార్, తర్వాతి బాణం తమకే. ఫిలింలో ఏమీ దొరకనప్పుడు, ముప్ఫై సెకన్లలో రోగిని గుమ్మం దాటించడానికి తమరు వాడే ఆ వాక్యం వైద్యం కాదు, తలుపు మూసిన చప్పుడు. అది విన్న కోడలు ఇంటికొస్తే అత్తగారు, ‘‘డాక్టరే అన్నాడుగా, అంతా వేషాలని. లే, పప్పు రుబ్బు’’ అంటుంది. మొగుడు టీవీలోంచి తల తిప్పడు. ఆ పిల్ల రెండో రోజే ఇంకో సెంటరుకు పోయి, తాళిలో పుస్తెలు తప్ప మిగిలినవి తాకట్టు పెట్టయినా ఎమ్మారై తీయించుకుంటుంది. ఆమెకు కావలసింది రోగం కాదు, సాక్ష్యం. నొప్పి అంటే నమ్మని ఇంట్లో గ్యాపు అంటే నమ్ముతారు కాబట్టి గ్యాపు కొనుక్కుంటుంది. ఆడవాళ్ల నొప్పికి ఫిలిం అడిగే ప్రతి ఇల్లూ స్కానింగు సెంటరుకు ఉచిత ఏజెంటే.

మరో బాణం కొత్తగా పుట్టుకొచ్చిన మనసు వ్యాపారులకు. బోల్డర్ ప్రయోగం పేరు చెవిన పడిందో లేదో, ‘నడుం నొప్పి మనసుతో మాయం, వీకెండ్ వర్క్‌షాప్, ముందు బుక్ చేసుకున్నవారికి సగం ధర’ అని ఫోన్లలో మోగిస్తారు. ఆ ప్రయోగం ఒకే చోట జరిగింది. అందులో చేరినవాళ్ల సగటు నొప్పి పదికి నాలుగు చుట్టుపక్కలే. వ్యాపారులు చెప్పని సంగతి ఇంకోటుంది. 2020లో కోక్రేన్ సంస్థ దీర్ఘకాలిక నొప్పులకు చేసే మానసిక చికిత్సల మీద 75 అధ్యయనాలను, 9,401 మంది ఫలితాలను జల్లెడ పట్టి, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ వల్ల మేలు ఉంది, కానీ అది చిన్నదని తేల్చింది. చిన్న మేలే. అయితే మన వీధిలో అమ్ముడుపోయే చాలా సరుకుకు ఆ చిన్న మేలు కూడా లేదు, పైగా బిల్లు పెద్దది.

మూడో బాణం మాదాపూర్ ఐటీ కంపెనీల వైపు. ఉద్యోగిని పన్నెండు గంటలు కుర్చీకి అతికించి, నడుం పట్టేసిందంటే ‘ఒత్తిడిని జయించడం ఎలా’ అని అరగంట వెబినార్ పెట్టే హెచ్ఆర్ దొరలారా, ఆ అరగంట ఉద్యోగిని లేచి నడవనిస్తే చాలు. వరినాట్లలో పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా బురదలో వంగిన కూలీ దగ్గరికెళ్లి, ‘అక్కా, నీ నొప్పి మెదడు చేసిన తీర్పు’ అని చెప్పబోయే పండితులారా, ముందు ఆమె కూలి రేటు మీద ఒక తీర్పు చెప్పండి. అప్పు, ఆకలి, రేపటి బెంగ కూడా మెదడుకు చేరే కబుర్లే. వాటిని మార్చకుండా ఆమె ఆలోచనను మాత్రం మార్చుకోమనడం థెరపీ కాదు, మేస్త్రీ పని.

ఇక నవ్వు పక్కన పెట్టి ఒక్క మాట. నడుం నొప్పితో పాటు మూత్రం, మలం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు సడలుతున్నా, జ్వరమున్నా, ఊరికే బరువు తగ్గిపోతున్నా, కేన్సర్ చరిత్ర ఉన్నా, గట్టి దెబ్బ తగిలినా థెరపిస్టూ వద్దు, తన్నేవాడూ వద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి. ఫిలిం అవసరమైన నడుములు ఇవే. వీళ్ల వంతు రాకుండా క్యూలో అడ్డం నిలబడ్డది, అవసరం లేని ఫిలిం కోసం వచ్చిన మనమే.

మాహాత్మ్యం పూర్తయ్యాక ఫలశ్రుతి చెప్పడం ఆచారం. ఈ ఎల్‌ఫోర్-ఎల్‌ఫైవ్ మాహాత్మ్యాన్ని విన్నవారికి బెల్టు ప్రాప్తించును. చదివినవారికి పరుపు ప్రాప్తించును, వాయిదాలతో సహా. రాయించుకున్నవారికి ట్రాక్షను, నిత్యపారాయణం చేసినవారికి స్క్రూలు లభించును. రాసిచ్చినవారికి సింగపూర్ యాత్రాఫలం దక్కును. నమ్మనివారికి మాత్రం ఏమీ రాదు. వారి నడుం వారికి మిగులును.